ఆటు వేళ వచ్చిన తెల్లతల గద్ద

పోయిన నెలలో ఒక ఆదివారం మా మనవరాలు నన్ను కారెక్కించుకుని క్లాంగుకు అవతలనున్న సముద్రపు ఒడ్డుకు తీసుకువెళ్ళింది. దానికి ఈ మధ్య పక్షుల పిచ్చి పట్టింది. తనలాంటి వాళ్ళే కొందరు మూడుకాళ్ళ కర్రల మీద పెద్ద పెద్ద దుర్భిణీలు నిలబెట్టుకుని, బురద మేటల వంక చూస్తూ గంటల తరబడి నిలబడతారు. నాకు ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, చేతికి ఫ్లాస్కు ఇచ్చి, చెట్టు నీడన కూర్చోబెట్టారు. ఇంతలో తలా పొట్టా తెల్లగా మెరుస్తూ పెద్ద గద్ద ఒకటి మడ చెట్ల మీదుగా తేలుతూ వచ్చింది. గుంపులో కొత్తగా చేరిన కుర్రవాడొకడు అది అమెరికాలో ఉండే బాల్డ్ ఈగిల్ అన్నాడు, ఫోనులో బొమ్మ తీసి చూపించాడు, మరొకడు కాదన్నాడు, కాసేపు వాదులాడుకున్నారు. నాకు లోలోపల నవ్వు వచ్చింది. ఆ పక్షిని గురించి నేను ఏ పుస్తకమూ చదవలేదు గాని, దాని రెక్క కింద తెలుపు ఎక్కడ ఆగి నలుపు ఎక్కడ మొదలవుతుందో, పొట్టి తోక ఎలా విచ్చుకుంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. నా పదమూడవ ఏట కొన్ని వారాలపాటు నేను ఆకాశంలో ఆ పక్షి కోసం తప్ప మరి దేనికోసమూ చూడలేదు. మా మేనత్త ఈ మలాయి దేశంలో ఉండడమో, ఇండియా ఓడెక్కడమో ఆ పక్షి మీదే ఆధారపడి ఉండేది.

నా ఈడు వాళ్ళకు దారురాత్ అంటే చెప్పనక్కరలేదు. ఎమర్జెన్సీ అని దొరలు అన్నదాన్ని మలాయి వాళ్ళు దారురాత్ అన్నారు, మా లైన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరసల్లో, అందరూ 'కంచె కాలం' అనేవారు. మేము అప్పుడు బాగన్ దాతుక్ వైపు ఒక కొబ్బరి ఎస్టేటులో ఉండేవాళ్ళం. అంతకుముందు కూలీల ఇళ్ళు అక్కడొక వరసా ఇక్కడొక వరసా విడివిడిగా ఉండేవి. దొరల మీద తిరగబడి అడవిలో తుపాకులు పట్టుకు తిరిగేవాళ్ళకు ఎవరూ తిండి అందించకూడదని వాటన్నిటినీ విప్పించి, ఒక్కచోటికి చేర్చి, చుట్టూ ఎత్తుగా ముళ్ళ కంచె వేశారు. మా వైపు అడవంటే మడ అడవే. పొద్దున పనికి పోయేటప్పుడు గేటు దగ్గర నిలబడి మగవాళ్ళు లుంగీ దులిపి చూపించాలి, ఆడవాళ్ళు కొంగు విప్పి చూపించాలి, ఎవరి చేతిలోనూ పిడికెడు బియ్యం దాటిపోకూడదు. సాయంత్రం సైరను కూసిందంటే గేటు మూసేవారు. ఆ కంచె లోపల పెళ్ళిళ్ళు జరిగాయి, పురుళ్ళు వచ్చాయి, అమ్మవారి పండగలూ జరిగాయి, మనిషి దేనికైనా అలవాటు పడతాడు.

కొత్త లైన్లలో అన్నిటికంటే చివరి ఇల్లు మాది. మా పెరటిని ఒరుసుకుని కంచె పోయేది, కంచె కింద నుంచి ఒక మురికి కాలువ బయటికి పోయేది, ఆ బయట, రాయి విసిరితే తగిలేటంత దూరంలో, వెనకటి దొర ఎవరో నాటించిన నిద్రగన్నేరు చెట్లు వరసగా ఉండేవి. ఆ చెట్ల నిండా కొంగలు. నల్ల జుట్టు వెనక్కి దువ్వుకున్నట్టుండే పెద్ద బూడిద కొంగలు, కొమ్మకొక సంసారంగా పుల్లల గూళ్ళు కట్టుకుని, పగలంతా గొంతు పట్టేసిన ముసలివాళ్ళలా కేకలు వేసేవి. గాలి ఇటు తిరిగితే కుళ్ళిన చేపల వాసనతో అన్నం సయించేది కాదు. మా అమ్మ ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతుక్కోని రోజు లేదు. ఆ ఇల్లు ఎవరూ ఒప్పుకోకపోబట్టే మాకు వచ్చింది. మా అత్త ఒక్కర్తె మాత్రం ఆ పెరడు చూసి సంతోషించింది, కాలువలో నీళ్ళున్నాయి గనుక తన బాతులు బతుకుతాయని.

అత్త మా నాన్నకు అప్ప, అంటే అక్క. తాత, మామ్మ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కొద్ది కాలానికి అదే ఎస్టేటులో పుట్టింది. జపాను వాడు ఈ దేశాన్ని ఏలిన కాలంలో ఆమె మగణ్ణి సయాం రైలుదారి పనికి పట్టుకుపోయారు, ఆయన తిరిగి రాలేదు, ఫలానా చోట పోయాడని చెప్పినవాడూ లేడు. పిల్లలు లేరు. పొట్టిగా, గట్టిగా, చేపాటి కర్రలా ఉండేది. పగలు కొబ్బరి ఎండబెట్టే కొట్టంలో చిప్పల నుంచి కొబ్బరి ఒలిచే పని చేసి, వచ్చాక బాతులతో గడిపేది. వాటి రెక్క ఈకలు ఎగరకుండా ఒక పక్క కత్తిరించేది. ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి తిట్టేది. ఆ తిట్లు వింటే గాని మాకు సాయంత్రం అయినట్టు ఉండేది కాదు.

ఆ బాతులు పోవడం మొదలుపెట్టాయి. ముందు ఒక పిల్ల బాతు, మరి నాలుగు రోజులకు ఎదిగీ ఎదగనిదొకటి, తరువాత వరసగా. రాత్రి కొట్టులో వేసి గడియ పెట్టేది గనుక రాత్రి పోయినవి కావు. పగలు లైన్లలో ముసలివాళ్ళూ పసివాళ్ళూ తప్ప పెద్దగా ఎవరూ ఉండరు. పాము అన్నారు కొందరు, ఉడుము అన్నారు కొందరు. అత్త కాలువ గట్టంతా వెతికి, గట్టులోని కంతల్లో రాళ్ళు కుక్కి, అయినా ఆగకపోతే పళ్ళు కొరుక్కుని ఊరుకుంది. అంతటితో పోతే ఎవరికీ పట్టేది కాదు.

ఒకనాడు గస్తీ తిరిగే పోలీసులకు మడ అడవి అంచున బాతు ఈకలు దొరికాయి. వాటిలో కత్తిరించిన రెక్క ఈకలు ఉన్నాయి. మా లైన్లలో ఈకలు అలా కత్తిరించేది అత్త ఒక్కర్తే. ఇంకేముంది, కంచె కింద నుంచి బాతుల్ని బయటికి తోలి అడవిలోవాళ్ళకు తిండి అందిస్తున్నదన్నారు. దానికి తోడు బాతులు ఒక రోజు పొద్దున పోతాయి, మరో రోజు మధ్యాహ్నం పోతాయి, మరో వారం సాయంత్రం పోతాయి. అలా వేళ మారుతూ ఉండడమే ముందుగా అనుకున్న ఏర్పాటు ఉన్నదనడానికి గుర్తని ఆ వైపు పోలీసులకు పెద్దగా ఉన్న తెల్లదొర అన్నాడట. లారీ వచ్చి అత్తను టెలుక్ ఆన్సన్‌కు తీసుకుపోయింది. అక్కడ కొన్నాళ్ళు ఉంచి, అడిగిందే అడిగి, చివరికి ఎస్టేటు కిరాణీ పూచీ మీద ఇంటికి పంపించారు. కిరాణీ అంటే మా ఎస్టేటు గుమాస్తా. మలయాళీ మనిషి, భయస్థుడు, అయినా ఆనాడు ఆ పూచీ ఇవ్వడానికి ఆయనకు ఎక్కడి నుంచి ధైర్యం వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. దొర మళ్ళీ వచ్చేనాటికి సంగతి తేలకపోతే ఆమెను ఇండియా ఓడ ఎక్కించేస్తారని ఆయనే వచ్చి మా నాన్నతో చెప్పాడు. అలా పంపించినవాళ్ళు చుట్టుపక్కల ఎస్టేటుల్లో అప్పటికే ఉన్నారు. అత్త ఇక్కడే పుట్టిందనడానికి కాగితం ఏదీ లేదు, జపాను కాలంలో ఆఫీసు తగలబడినప్పుడు అందరివీ పోయాయి.

అత్త లారీ దిగి వచ్చి, పెరట్లో తలారా స్నానం చేసి, బాతులకు నత్తలు చితగ్గొట్టి వేసింది. ఆ తరువాతే అన్నం ముందు కూర్చుంది. మా నాన్న మెల్లిగా, మిగిలిన బాతుల్ని చీనా వర్తకుడికి అమ్మేస్తే గొడవ సద్దుమణుగుతుందేమో అన్నాడు.

"ఇప్పుడు అమ్మీసినానంటే ఒప్పేసుకున్నట్టే గదా తమ్ముడా," అంది అత్త. "నా బాతులెక్కడికి పోతన్నాయో నానే కనిపెట్టాల. మరెవులూ కనిపెట్టరు."

అయితే కొట్టంలో పని మానితే ఆ రోజు కూలీ పోతుంది, పైగా పనిలో కనబడకపోతే అనుమానం ఇంకా పెరుగుతుంది. ఎస్టేటు బడిలో ఉన్న తరగతులన్నీ అయిపోయి నేను ఊరికే ఇంట్లో ఉన్నాను. పెద్ద బడికి పంపడమా మానడమా అన్న మాట అప్పట్లో మా ఇంట తేలలేదు. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ అత్త నా వంక చూసింది. మర్నాడు పొద్దున తను పోతూ పోతూ పెరట్లో కొబ్బరి డొక్కల కుప్ప వెనక ఒక పీట వేసి పోయింది.

ఆ పీట మీద కూర్చుని చూడడం ఎంత కష్టమో ఇప్పుడు చెబితే నమ్మరు. పని చేయడం సులువు, చూస్తూ కూర్చోవడం కష్టం. ఎండ, దోమలు, కొంగల రెట్ట. మొదటి రోజుల్లో పొద్దున కాసేపు చూసి, మధ్యాహ్నం కునికిపాట్లు పడి, లేచి చూసేసరికి ఒక బాతు తగ్గి ఉండేది. అత్త సాయంత్రం వచ్చి మిగిలినవాటిని లెక్కపెట్టుకుని లోపలికి తోలేది. ఆ లెక్క నన్ను పొడిచేది. ఇక లాభం లేదని అమ్మచేత అక్కడికే అన్నం తెప్పించుకుని, నిద్ర వస్తే నోట్లో ఉప్పుకల్లు వేసుకుని, పొద్దున గేటు తీసింది మొదలు సైరను కూసేదాకా కదలకుండా కూర్చోవడం మొదలుపెట్టాను.

అలా కూర్చున్నవాళ్ళకు తప్ప తెలియనివి కొన్ని తెలిశాయి. కొంగలు ఎప్పుడూ ఒక్కలా ఉండవు. ఒక వేళకు పెద్దవన్నీ సముద్రం వైపు ఎగిరిపోయి, గూళ్ళలో పిల్లలు మాత్రం మెడలు సాచి గోల పెట్టేవి. అలాంటప్పుడే ఒకనాడు ఉన్నట్టుండి ఆ గోల ఆగిపోయింది. తలెత్తి చూస్తే, కొబ్బరి మట్టలంత రెక్కలు పైకెత్తి పట్టుకుని, ఎక్కడా కొట్టకుండా, తెల్లతల గద్ద ఒకటి చెట్ల మీద తిరుగుతున్నది. ఎర్ర గద్దను మా వాళ్ళు గరుత్మంతుడని చెంపలు వేసుకునేవారు గాని, ఈ తెల్లదాన్ని సముద్రం మీద చేపలు పట్టుకునేదని తప్ప ఎవరూ లెక్కచేసేవారు కాదు. అది ఒక చుట్టు తిరిగి, గూటి మీదికి జారి, ఒక కొంగపిల్లను ఎత్తుకుపోయింది.

సాయంత్రం అత్తకు చెప్పాను. కొంగపిల్ల వేరు, బాతు వేరు, ఇంకా చూడమంది ఆమె. మళ్ళీ చూశాను. రెండోసారి వచ్చినప్పుడు ఆ గద్ద గూటి మీదికి పోలేదు, కంచె అవతల కాలువ బురదలో ముక్కులు పెట్టి వెతుక్కుంటున్న బాతుల మీదికి రాయి పడినట్టు పడి, ఒకదాన్ని పట్టుకుని, బరువుకు కాస్త కిందికి వంగి, మడ అడవి వైపు పోయింది.

నేను కొట్టం దాకా పరుగెత్తి చెప్పాను. అత్త నన్ను వెంటబెట్టుకుని కిరాణీ దగ్గరకు పోయింది. ఆయన పాపం అంతా విన్నాడు. విని, పదమూడేళ్ళ పిల్ల మాట, అందులోనూ మేనకోడలి మాట, దొర చెవిన వేసుకోడు అన్నాడు. గద్ద కోడిపిల్లను తన్నుకుపోతుంది గాని బాతును మోయగలదా అని పక్కనున్న కంగాణీ, అంటే కూలీల మేస్త్రీ, నవ్వాడు. ఇంటికి వచ్చే దారిలో నేను ఏడ్చాను. అత్త నా చెయ్యి వదలకుండా నడుస్తూనే అంది:

"మనం సూసింది మన కాడే ఉండిపోద్ది అమ్మీ. ఆళ్ళు సూడాల. ఏ యేళకొస్తాదో అది కనుక్కో."

ఆ మాట నన్ను పట్టుకుంది. వేళ పొద్దును బట్టి లేదు, అంతవరకు నాకు తెలుసు. మరి దేన్ని బట్టి ఉంది? చూడగా చూడగా, కాలువలో నీరు తగ్గి బురద బయటపడినప్పుడే పెద్ద కొంగలు ఎగిరిపోతున్నాయి. బాతులు నత్తల కోసం కంచె దాటి పోతున్నదీ అప్పుడే, గద్ద వస్తున్నదీ అప్పుడే. కాలువ నీరు తగ్గడమంటే సముద్రం ఆటు మీద ఉండడమే, ఎందుకంటే సముద్రపు కట్ట దగ్గర కాలువకున్న తలుపు ఆటు వేళకే తెరుచుకుంటుంది. మా వైపు గేటు కాపలాలో పక్క కాంపుంగు, అంటే మలాయి పల్లె, కుర్రవాడొకడు కొత్తగా పోలీసులో చేరి ఉండేవాడు. వాళ్ళ నాన్న పడవ మీద బతికే మనిషి. అతన్ని అడిగితే, ఆటు రోజు రోజుకూ కాస్త ఆలస్యమవుతూ పోతుందని చెప్పాడు. బాతులు ఒక రోజు పొద్దున, మరో వారం సాయంత్రం పోవడం ఎవరి ఏర్పాటు వల్లనో నాకు అప్పుడు తెలిసింది. ఆ తరువాత నేను వేళ ముందుగా చెబితే అత్త నమ్మేది, ఆ వేళకు గద్దలు చాలాసార్లు వచ్చేవి. గద్దలు అంటున్నాను, ఎందుకంటే అవి రెండు. ఒకటి ఎత్తున తిరుగుతుంది, మరొకటి ఎక్కడి నుంచో వస్తుంది. దుర్భిణీలు లేవు మాకు. చెయ్యి అడ్డం పెట్టుకుని చూసిన చూపే.

దొర వచ్చిన రోజు పొద్దున కాలువ నిండుగా ఉంది. లారీ గేటు లోపలికి వచ్చి ఆగింది. లైన్లన్నీ సోదా చేసి, పోతూ పోతూ అత్తను ఎక్కించుకుపోవాలని వచ్చారు. కిరాణీ ముఖం పాలిపోయి ఉంది. మా నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. అత్త ఒక్కర్తె బట్టల మూట కట్టుకుని సిద్ధంగా ఉంది. మూట నడవలో పెట్టి, తను పోయి పెరటి మెట్టు మీద కూర్చుంది.

కిరాణీతో చెప్పించింది: తను లారీ ఎక్కనని అనడం లేదు, మధ్యాహ్నం దాటి కాలువ నీరు తగ్గేదాకా ఆగి, బాతులు ఎలా పోతున్నాయో దొర కళ్ళారా చూస్తే, ఆ తరువాత ఎవరూ చెయ్యి పట్టుకోనక్కర లేకుండా తానే నడిచివచ్చి ఎక్కుతుంది. ఇప్పుడే రమ్మంటే మాత్రం మోసుకుపోవలసిందే. దొరకు కోపం వచ్చింది. ఎర్రటి ముఖం ఇంకా ఎర్రబడింది. అప్పుడు ఆ మలాయి కుర్రవాడు ముందుకు వచ్చి, నిటారుగా నిలబడి, తన భాషలో మెల్లిగా ఏదో చెప్పాడు. ఎలాగూ లైన్లన్నీ సోదా చేసేసరికి ఆ వేళ అవుతుంది గదా అన్నాడని తరువాత తెలిసింది. ఉద్యోగంలో కొత్త, పై అధికారి ముందు నోరు విప్పడమే తప్పు. అతను విప్పాడు, దొర సరేనన్నాడు.

సోదా అయింది. బియ్యం డబ్బాలు ఒంపి చూశారు, పరుపులు తిరగవేశారు, ఎవరి ఇంట్లోనూ ఏమీ దొరకలేదు. పొద్దు నడినెత్తి దాటింది. కాలువలో నీరు మెల్లిగా దిగి, ముందు గట్టు తడి, తరువాత బురద కనబడింది. అందరూ పెరట్లో గుమికూడితే గద్ద రాదని నేను అత్త చెవిలో చెప్పాను. అత్త అందరినీ లోపలికి పొమ్మని చేతులతో తోలింది, పోలీసుల్ని కూడా బాతుల్ని తోలినట్టే తోలింది. దొర మా వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాడు. పొయ్యి పొగకు కళ్ళు తుడుచుకుంటూ, మా అమ్మ ఇచ్చిన కాఫీ ముట్టకుండా నిలబడ్డాడు. పక్కన కిరాణీ, వెనక నాన్న. నేను కిటికీ మూల నుంచి ఆకాశం వైపు చూస్తున్నాను. కొంగలు లేచిపోయాయి. బాతులు ఒకదాని వెనక ఒకటి కంచె కింద నుంచి దూరి బురదలోకి దిగాయి.

గద్ద వచ్చింది. ఎత్తున, చాలా ఎత్తున తిరిగింది. నేను చెయ్యి చూపించాను. దొర మెడ ఎత్తి చూశాడు. అది రెండు చుట్లు తిరిగి, ఏమనుకుందో, సముద్రం వైపు వెళ్ళిపోయింది.

ఆ వెళ్ళిపోవడం నేను మరచిపోలేను. దొర టోపీ తలమీద పెట్టుకున్నాడు. కిరాణీ నేల చూపులు చూస్తున్నాడు. అత్త లేచి నడవలోకి పోయి మూట చేతిలోకి తీసుకుంది. నేను మాత్రం కిటికీ వదలలేదు, రెండోది ఇంకా రాలేదు గనుక. "ఇంకొకటుంది," అని తెలుగులోనే, ఎవరికి అర్థమవుతుందో కాదో చూసుకోకుండా, అన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే నిద్రగన్నేరు చెట్ల వెనక నుంచి, కొమ్మలకు తగులుతుందా అన్నంత కిందుగా, రెండోది వచ్చి పడింది. బురద లేచింది, బాతులు చెదిరాయి. ఒక బాతు గాలిలో కాళ్ళు కొట్టుకుంటూ మా కిటికీ ముందు నుంచే, చెయ్యి చాపితే అందేటట్టుగా, మడ అడవి వైపు పోయింది. కత్తిరించిన రెక్క ఒక పక్క వేలాడుతూ ఉండడం మేమందరం చూశాము.

దొర అది మడ చెట్ల మీద కనుమరుగయ్యేదాకా చూశాడు. క్షమించమని అనలేదు, అలాంటి మాట ఆ కాలంలో ఎవరూ ఎదురుచూడలేదు. కిరాణీతో రెండు ముక్కలు చెప్పి లారీ వైపు నడిచాడు. కిరాణీ గోడకు ఆనుకుని కూర్చుని ఆ ముక్కలు మాకు చెప్పాడు. అత్తను ఉండిపొమ్మన్నాడట. అంతే. మా నాన్న పెరట్లోకి పోయి ముఖం కడుక్కున్నాడు, అది ఎందుకో మాకందరికీ తెలుసు.

కథ అక్కడ ఆగితే ఎంత బాగుండేది. పోతున్న దొర వెనక్కి తిరిగి ఆ చెట్లను తేరిపార చూశాడు. కంచె మూల బురుజు మీద కాపలావాడికి మడ అడవి కనబడకుండా ఇంత చెట్టు ఎందుకు ఉంచారు, కొట్టించండి అన్నాడు. అత్త మెడ మీద నుంచి కత్తి తీసిన క్షణంలోనే కొంగల మెడ మీద పెట్టారు. వాటి వైపు దొర చూపు తిప్పింది మేమే. అత్త అది విని, చేతిలో మూట అలాగే ఉండగా, లారీ దాకా నడిచింది. గూళ్ళలో పిల్లలింకా ఎగరలేవని, అవి ఎగిరేదాకా ఆగమని కిరాణీని చెప్పమంది. కిరాణీ ఇది మాత్రం నేను చెప్పను, వచ్చిన ప్రాణాన్ని మళ్ళీ పోగొట్టుకోకు అని బతిమాలాడు. అప్పుడు అత్త తనకు వచ్చిన మలాయి మాటల్లో తనే దొరకు చెప్పింది. చెట్లను చూపించి, చిన్న పిల్లలన్నట్టు చెయ్యి కిందికి పెట్టి, "తుంగ్గు," అంది. ఆగు అని. అంతకుముందు నాలుగు గంటలు ఆమె కోసం ఆగినవాడు, ఆ మాట విని భుజాలు ఎగరవేసి, పిల్లలు ఎగిరాక కొట్టమని ఆ మలాయి కుర్రవాడితో చెప్పి ఎక్కిపోయాడు. ఆ కుర్రవాడు చివరి గూడు ఖాళీ అయిందని నమ్మకం కలిగేదాకా రంపాలు పట్టనివ్వలేదు. చెట్లు పడిన రోజు మా పెరట్లో ఎండ భరించలేనంత పెద్దదయింది. మా అమ్మ ఉతికిన బట్టలు మొదటిసారి తెల్లగా ఆరాయి. ఆమె వాటిని మడత పెడుతూ, పక్షులు లేవంటే ఏదోలా ఉంది అంది.

మెర్దేకా, అంటే స్వరాజ్యం, వచ్చింది. మా ఎస్టేటు బడి ముందు జెండా ఎగరేసిన రోజు అందరికీ తీపి పంచారు. ఆ తరువాత మరి కొంత కాలానికి కంచె కూడా ఊడబెరికారు. తీగ చుట్టలు చుట్టి లారీకి ఎత్తుతుంటే పిల్లలు కేరింతలు కొట్టారు, పెద్దవాళ్ళు మాత్రం ఊరికే నిలబడి చూశారు. పౌరసత్వం కోసం దరఖాస్తులు తీసుకుంటున్నారంటే అత్త అందరికంటే ముందు బయలుదేరింది. ఇక్కడే పుట్టిందని కిరాణీ సాక్ష్యం చెప్పాడు. నేను తోడు వెళ్ళాను. బల్ల వెనక కూర్చున్న తమిళ ఉద్యోగి మంచివాడే, వయసు మళ్ళిన ఒంటరి మనిషి గదా అని, స్వదేశానికి తిరిగి వెళ్ళాలని లేదా అమ్మా అని అరవంలో అడిగాడు. అత్త ఆయనకు అరవంలో జవాబు చెప్పగలదు. తెలుగులోనే చెప్పి, నన్ను చెప్పమంది.

"సూడని ఊరికి తిరిగి ఎల్లడమేటి బాబూ?"

నేను ఆ మాటను అరవంలోకి తిప్పి చెప్పాను. ఆయన తల పంకించి ముద్ర వేశాడు. నన్ను పెద్ద బడికి పంపాలని మా ఇంట్లో తేల్చింది కూడా అత్తే, ఆ సంగతి ఇక్కడ చెప్పి తీరాలి. ఏ యేళకేటొస్తాదో కనిపెట్టిన గుంట కొబ్బరి ఒలవడానికి కాదని నాన్నతో తెగేసి చెప్పింది. నేను పంతులమ్మనై కొన్నేళ్ళు ఎస్టేటు తెలుగు బడిలోనే పాఠాలు చెప్పాను. అత్త ముసలితనం దాకా బాతులు పెంచింది. గద్దలు అప్పుడప్పుడు వచ్చేవి. వాటిని చూసి ఆమె రాయి విసరగా నేను ఎన్నడూ చూడలేదు, బాతుల్ని మాత్రం లోపలికి తోలేది.

కొన్నేళ్ళ కిందట మా అబ్బాయి ఆ వైపు పని మీద పోతుంటే నేనూ కారులో వెళ్ళాను. లైన్లు లేవు, కొట్టం లేదు, కొబ్బరి చాలావరకు పోయి పామాయిలు చెట్లు వచ్చాయి. మా పెరడు ఇక్కడ ఉండాలి అని నేను ఒకచోట దిగి నిలబడితే, మోటారు సైకిలు మీద పోతున్న ఒక కుర్రవాడు ఆగి, ఎవరి కోసం అని మలాయిలో మర్యాదగా అడిగాడు. ముఖం మన వాళ్ళలాగే ఉంది. తెలుగువాడివా అంటే, అవును, అర్థమవుతుంది గాని మాట్లాడడం రాదు లా, అని ఇక్కడి వాళ్ళ 'లా' చేర్చి మలాయిలోనే చెప్పి, నవ్వి వెళ్ళిపోయాడు. మంచి పిల్లవాడు. నేను మరికాసేపు నిలబడ్డాను. ఆ కంచె లోపల ఎంత ఇరుకుగా బతికామో నాకు తెలుసు, ఆ కాలం మళ్ళీ రావాలని ఏ దేవుడినీ కోరను. ఇప్పుడు గేటు లేదు, ఎవరి మూటా ఎవరూ విప్పించరు, ఎవరు ఎక్కడికి పోతున్నారో ఎవరికీ చెప్పుకోనక్కర లేదు. అయితే ఆనాడు ఒక ఇంట్లో ఒక బాతు పోయినా సాయంత్రానికి లైన్లలో అందరికీ తెలిసేది, అనుమానించేవాళ్ళకూ తెలిసేది, పూచీ ఇచ్చేవాళ్ళకూ తెలిసేది. ఇప్పుడు పక్కింట్లో మనిషి పోయినా వారానికి గాని తెలియడం లేదు.